పాత ఫోర్‌వీల్ బండికి వేరే యాక్సిళ్లు, సస్పెన్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

విల్లీస్ జీపు, సిరీస్ ల్యాండ్ రోవర్, 40 సిరీస్ ల్యాండ్ క్రూజర్, మొదటితరం ఫోర్డ్ బ్రాంకో. బండి ఏదైనా, కింద యాక్సిళ్లు మార్చాలనుకునేవాళ్లకు వచ్చే అనుమానాలు దాదాపు ఒకటే. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. పని ఏ దశలో ఉందో చూసుకుని నేరుగా ఆ ప్రశ్నకు వెళ్లిపోండి. ఏ జవాబుకు ఆ జవాబే సరిపోవాలని కొన్ని విషయాలు రెండుమూడు చోట్ల చెప్పాను.

## కొనకముందు

నా బండికి అసలు యాక్సిల్ మార్చాల్సిన అవసరం ఉందా?

ఏ సైజు టైర్లు వేస్తారో చెబితే సగం జవాబు వచ్చేసినట్టే. పాత ఇంజనే ఉండి, టైర్లు కంపెనీ సైజుకు దగ్గరలో ఉంటే పాత యాక్సిళ్లు చాలు. బేరింగులు, సీళ్లు, ఆయిల్ బాగుచేసి వాడుకోండి. విల్లీస్ సీజే-2ఏలో ఇంజన్ 60 హార్స్‌పవర్‌ది. దానికి తగ్గ యాక్సిళ్లే కంపెనీ ఇచ్చింది. 33 అంగుళాల టైర్లు, లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే భాగం), పెద్ద ఇంజన్ మూడూ కలిసినప్పుడే గొడవ మొదలవుతుంది. ఇరుక్కున్న చక్రాన్ని లో రేంజ్ మొదటి గేరులో తిప్పితే హాఫ్ షాఫ్ట్ (యాక్సిల్ లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ) మీద పడే మెలి రోడ్డు మీద ఎప్పుడూ పడదు. ఈ మూడింటిలో ఒక్కటే చేస్తున్నవాళ్లు యాక్సిల్ డబ్బును ముందు బ్రేకుల మీద పెట్టడం మంచిది.

డానా 44 సరిపోతుందా, డానా 60 కావాలా?

రెండూ డానా కంపెనీ యాక్సిల్ రకాలే. డానా 44లో క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం) వ్యాసం 8.5 అంగుళాలు, డానా 60లో 9.75 అంగుళాలు. తేలికైన పొట్టి బండికి 33, జాగ్రత్తగా నడిపితే 35 అంగుళాల టైర్ల దాకా 44 బాగానే మోస్తుంది. బరువైన బండి, 37 అంగుళాల టైర్లు, రాళ్ల మీద నడక అంటే 60 వైపు చూడాలి. కానీ 60 ఊరికే రాదు. బరువు ఎక్కువ, డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్‌లో పళ్లచక్రాలుండే ఉబ్బు భాగం) పెద్దది కాబట్టి కిందికి వేలాడుతుంది, రాళ్లకు తగులుతుంది. విల్లీస్ లాంటి చిన్న బండి కింద 60 చూసినప్పుడల్లా నాకు అది అవసరం కన్నా దర్జా కోసమే అనిపిస్తుంది.

వెనకకు ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ కూడా గట్టిదే. అయితే దాని పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న పళ్లచక్రం) బాగా కిందికి ఉంటుంది. పొట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (పినియన్‌ని తిప్పే పొడవాటి గొట్టం) ఉన్న బండిలో షాఫ్ట్ వాలు దానివల్ల ఇంకా పెరుగుతుంది.

డిఫరెన్షియల్ గుండు ఏ వైపు ఉండాలి?

ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేరు పెట్టెలో) ముందు షాఫ్ట్ ఏ వైపు నుంచి వస్తుందో ముందు యాక్సిల్ గుండు ఆ వైపే ఉండాలి. విల్లీస్, సిరీస్ ల్యాండ్ రోవర్, 40 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌లలో ముందుకు తిరిగి కూర్చున్నవాళ్లకు అది కుడివైపు. 1966-77 బ్రాంకోలో ఎడమవైపు. చౌకగా దొరికిందని ఎదురువైపు యాక్సిల్ కొంటే తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసే మార్చుకోవాల్సి వస్తుంది.

చాలామంది మరిచిపోయేది వెనక యాక్సిల్‌ని. పైన చెప్పిన మొదటి మూడు బండ్లలో వెనక గుండు కూడా కుడికి జరిగి ఉంటుంది. అక్కడ గుండు మధ్యలో ఉన్న యాక్సిల్ పెడితే షాఫ్ట్ కిందికి వాలడమే కాదు, పక్కకూ వంకర పోతుంది. ఆ రెండు వంకరలూ కలిసి క్రాస్ జాయింట్ (షాఫ్ట్ చివర వంగనిచ్చే కీలు) మీద పడతాయి.

యాక్సిల్ వెడల్పు ఎలా కొలవాలి?

చక్రం ఆనే హబ్ ముఖం నుంచి అవతలి హబ్ ముఖం దాకా కొలవండి. డ్రమ్ముల మధ్య దూరం, టైర్ల మధ్య దూరం మోసం చేస్తాయి. పాత విల్లీస్‌లో రెండు టైర్ల మధ్యరేఖల దూరం సుమారు 48 అంగుళాలే. పెద్ద పికప్ యాక్సిల్‌ని యథాతథంగా పెడితే టైర్లు మడ్‌గార్డులు దాటి బయటకు వచ్చేస్తాయి. వెడల్పు తగ్గించడమంటే గొట్టం కోసి, హాఫ్ షాఫ్ట్‌లు కొత్త పొడవుకు, కొత్త స్ప్లైన్‌లతో (కొసన ఉండే పళ్లతో) చేయించడం. ముందు యాక్సిల్‌లో ఇది వెనకదాని కన్నా చాలా ఓపిక పట్టే పని.

బోల్టుల వరస కూడా చూసుకోండి. విల్లీస్‌కి 5.5 అంగుళాల వృత్తంలో 5 బోల్టులు, 40 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌కి అదే వృత్తంలో 6, సిరీస్ ల్యాండ్ రోవర్‌కి 6.5 అంగుళాల వృత్తంలో 5. ముందూ వెనకా వేరువేరు వరసలు వస్తే స్టెప్నీ ఒక్కటి చాలదు.

గేర్ రేషియో ఎంత పెట్టుకోవాలి?

రేషియో అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. పాత రేషియోని కొత్త టైరు వ్యాసంతో గుణించి పాత టైరు వ్యాసంతో భాగించండి. 4.11 రేషియో, 29 అంగుళాల టైరు ఉన్న బండికి 33 అంగుళాలు వేస్తే 4.68 వస్తుంది. దొరికే సెట్లలో 4.56, 4.88 దీనికి అటూఇటూ ఉంటాయి. పాత ఇంజన్, కొండదారులు అయితే 4.88. ఎక్కువగా హైవే మీద తిరిగేదైతే 4.56.

ముందూ వెనకా ఒకటే రేషియో ఉండాలి. 4.10, 4.11 లాంటి వెంట్రుకవాసి తేడాతో ఏమీ కాదు. 4.10, 4.56 కలిపితే మాత్రం గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేసిన మరుక్షణం రెండు యాక్సిళ్లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

కమాన్ కట్టలు ఉంచుకోవాలా, కాయిల్ స్ప్రింగులకు మారాలా?

కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, యాక్సిల్‌ని తన చోట పట్టి ఉంచుతుంది. కాయిల్ స్ప్రింగ్ బరువు మాత్రమే మోస్తుంది. యాక్సిల్ ముందుకీ పక్కకీ జరగకుండా లింకులు (యాక్సిల్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీలు), ప్యాన్‌హార్డ్ రాడ్ (పక్కకు జరగనివ్వని అడ్డ కడ్డీ) వేరే కట్టుకోవాలి. అంటే కాయిల్‌కి మారడం స్ప్రింగ్ మార్చినంత పని కాదు, సస్పెన్షన్ మొత్తాన్ని కొత్తగా డిజైన్ చేయడం.

మొదటిసారి ఈ పనికి దిగేవాళ్లకు నా సలహా కమానే. ఎక్కువ పట్టీలు, ఒక్కొక్కటీ పల్చగా ఉండే పొడవాటి కట్ట పెట్టి, బుష్‌లు కొత్తవి వేస్తే గుంతల్లో బండి చాలా మెత్తగా నడుస్తుంది. పాత బండి కుదుపుల్లో చాలావరకు కమాన్ రకం వల్ల వచ్చినవి కావు. తుప్పు పట్టి పట్టీలు ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల, షాకిల్ (కమాన్ కొసను చాసిస్‌కి కలిపే ఊగే పట్టీ) బిగుసుకుపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. కట్ట విప్పి శుభ్రం చేసి చూడండి. కొందరికి ఆ తర్వాత కాయిల్ ఆలోచనే పోతుంది.

ముందు కాయిల్, వెనక కమాన్ ఉన్న అమరిక కూడా కొత్తదేం కాదు. 1966 మోడల్ బ్రాంకోకి ముందు రేడియస్ ఆర్మ్‌లు (యాక్సిల్ ముందువెనకలకు జరగకుండా పట్టే కడ్డీలు), ప్యాన్‌హార్డ్ రాడ్‌తో కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు ఉండేవి.

రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్‌తో ఇబ్బంది ఉంటుందా?

ఉండొచ్చు. యాక్సిల్, ఎత్తు, ట్రాక్ వెడల్పు మార్పులకు చాలా చోట్ల ముందస్తు అనుమతి కావాలి. భాగాలు కొనకముందే రవాణా అధికారులను, ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బండి పాత విలువ పడిపోతుందా?

చాసిస్ కోస్తే పడిపోతుంది. పాత బ్రాకెట్లను కోయకుండా, ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించే విధంగా చేసుకుని, పాత యాక్సిళ్లు, కమాన్లు నూనె రాసి దాచిపెడితే ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

## కొలతల దశలో

బండిని ఎంత ఎత్తు లేపాలి?

టైరు తగలకుండా తిరగడానికి ఎంత కావాలో అంతే. ఎత్తు పెరిగేకొద్దీ బరువు కేంద్రం పైకి పోతుంది, పక్కవాలులో బండి త్వరగా బోల్తా పడుతుంది. విల్లీస్ వీల్‌బేస్ 80 అంగుళాలే, ట్రాక్ కూడా సన్నం. దానికి ప్రతి అంగుళమూ లెక్కే. మడ్‌గార్డు అంచు కాస్త కత్తిరిస్తే రెండు అంగుళాల ఎత్తు తప్పుతుందంటే, పాత విలువ గురించి బెంగ లేనివాళ్లు కత్తిరించడమే నయం.

షాఫ్ట్ లెక్క కూడా చూడండి. 20 అంగుళాల వెనక షాఫ్ట్ ఉన్న బండిని 4 అంగుళాలు లేపితే షాఫ్ట్ వాలు సుమారు 11 డిగ్రీలు పెరుగుతుంది. 40 అంగుళాల షాఫ్ట్ అయితే 6 డిగ్రీల లోపే. పెద్ద బండిలో హాయిగా నడిచిన లిఫ్ట్ కిట్ పొట్టి బండిలో క్రాస్ జాయింట్లు తినేయడానికి కారణం ఇదే.

పినియన్ యాంగిల్ ఎంత పెట్టాలి?

అది మీ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏ రకమో చూసి తేల్చాలి.

రెండు చివర్లా ఒక్కో క్రాస్ జాయింట్ ఉన్న మామూలు షాఫ్ట్ అయితే, ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, పినియన్ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వంగిన క్రాస్ జాయింట్ తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం ఒకే తీరుగా ఉండదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో జాయింట్ అంతే కోణంలో ఉంటే ఆ ఎగుడుదిగుడును సరిచేసేస్తుంది. కోణాలు తేడా పడితే ఆ మిగులు వణుకుగా సీటు దాకా వస్తుంది. షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు (క్రాస్ జాయింట్‌ని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడండి. స్ప్లైన్ విప్పి మళ్లీ పెట్టేటప్పుడు ఒక పన్ను అటూఇటూ అయితే ఎంత కొలిచి పెట్టినా వణుకు పోదు.

ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర జంట క్రాస్ (రెండు క్రాస్ జాయింట్లు పక్కపక్కనే) ఉన్న షాఫ్ట్ అయితే లెక్క వేరు. అప్పుడు పినియన్ మూతి నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. ఎక్కువ లేపిన పొట్టి బండికి ఇదే మేలు.

వెనక కమాన్ కట్టలు ఉంటే ఏ రకం షాఫ్ట్ అయినా పినియన్‌ని 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచండి. యాక్సిలరేటర్ తొక్కగానే కమాన్ మెలితిరిగి పినియన్ పైకి లేస్తుంది. అలా లేచినప్పుడు సరైన చోటికి వస్తుంది.

ముందు యాక్సిల్‌లో పినియన్ సరిచేస్తే క్యాస్టర్ పోతోంది. ఏం చేయాలి?

కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) పైభాగం వెనక్కి వాలి ఉండే కోణమే క్యాస్టర్. ముందు యాక్సిల్‌ని తిప్పితే పినియన్, కింగ్‌పిన్ రెండూ కలిసి తిరుగుతాయి. పినియన్ పైకి లేపితే కింగ్‌పిన్ పైభాగం ముందుకు వంగి క్యాస్టర్ తగ్గిపోతుంది. అప్పుడు స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను సూటిగా రాదు, హైవే మీద బండి అటూఇటూ తిరుగుతుంది.

రెండూ కుదరకపోతే క్యాస్టర్‌నే కాపాడండి. మామూలు పాత బండ్లలో ఫోర్‌వీల్ అవసరమైనప్పుడే వేస్తారు. ఫ్రీ వీల్ హబ్‌లు (ముందు చక్రాలను హాఫ్ షాఫ్ట్‌ల నుంచి విడదీసేవి) వదిలేస్తే రోడ్డు మీద ముందు షాఫ్ట్ తిరగనే తిరగదు, కాబట్టి పినియన్ కోణం కాస్త తప్పినా వణుకు ఉండదు. అడవిదారిలో మెల్లగా పోయేటప్పుడు ఆ వణుకు తెలియదు కూడా. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే బండికి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

రెండూ కావాలంటే గొట్టం చివర్లలో నకిల్‌ని (స్టీరింగ్‌తో చక్రాన్ని తిప్పే భాగాన్ని) పట్టుకునే భాగాన్ని వెల్డింగ్ కోసి, తిప్పి, మళ్లీ అతకాలి. ఖర్చూ శ్రమా ఎక్కువే, కానీ సరైన పరిష్కారం అదే. పెద్ద టైర్లు, పవర్ స్టీరింగ్ ఉన్న బండికి 5 నుంచి 6 డిగ్రీల క్యాస్టర్ బాగుంటుంది. పవర్ లేని స్టీరింగ్‌కి అంత పెడితే చేతులు నొప్పి పుడతాయి. 3 డిగ్రీల దగ్గర ఆపండి.

కమాన్ కింద ఏటవాలు ముక్క పెట్టి సరిచేసేవాళ్లు ఉక్కుదే వాడండి. అల్యూమినియం ముక్క నలిగి, యూ బోల్టులు వదులవుతాయి.

కమాన్‌ని యాక్సిల్ పైకి మారిస్తే చౌకగా ఎత్తు వస్తుందంటున్నారు. నిజమేనా?

ఎత్తు రావడం నిజమే. గొట్టం వ్యాసం, కమాన్ కట్ట మందం కలిపి సుమారు 5 నుంచి 6 అంగుళాలు వస్తుంది. కమాన్‌లు కింద రాళ్లకు తగలడం కూడా తప్పుతుంది. కానీ యాక్సిల్ ఇప్పుడు కట్టకు కింద వేలాడుతుంది కాబట్టి మెలి తిప్పే బలం పెరుగుతుంది. ఎత్తైన చోట గట్టిగా తొక్కితే కట్ట పాములా వంకర తిరిగి, వదిలినప్పుడు చక్రం దభీదభీమని ఎగురుతుంది. క్రాస్ జాయింట్లు విరిగేది ఆ క్షణంలోనే. దీన్ని ఆపడానికి యాక్సిల్ నుంచి చాసిస్‌కి మెలి ఆపే బార్ ఒకటి కట్టాలి. దాని చాసిస్ వైపు చివర షాకిల్ మీద ఉండాలి, లేకపోతే కమాన్ కదలికనే పట్టేస్తుంది. బార్, షాఫ్ట్, స్టీరింగ్ మార్పులు, బ్రేకు గొట్టాలు అన్నీ కలిపితే ‘చౌక’ ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది.

నాలుగు లింకుల సస్పెన్షన్‌కి కొలతలు చెప్పండి.

ఒకే కొలత అందరికీ సరిపోదు. యాక్సిల్ దగ్గర పై లింకుకీ కింది లింకుకీ మధ్య నిలువు దూరం టైరు వ్యాసంలో కనీసం పావు వంతు ఉండేలా చూడండి. 33 అంగుళాల టైరుకు 8 అంగుళాల పైమాటే. ఆ దూరం తగ్గేకొద్దీ లింకుల మీద, బ్రాకెట్ల మీద బలం పెరుగుతుంది. కింది లింకులు రాళ్లకు తగులుతాయి కాబట్టి మందమైన గొట్టంతో చేయండి. వెనక పై లింకులు త్రికోణంలా పెడితే ప్యాన్‌హార్డ్ రాడ్ అక్కర్లేదు. ముందు మూడు లింకులు, ప్యాన్‌హార్డ్ రాడ్ అమరిక స్టీరింగ్‌తో బాగా కుదురుతుంది.

షాకప్ పొడవు ఎలా తేల్చుకోవాలి?

కేటలాగ్ చూసి కాదు, యాక్సిల్‌ని ఆడించి. స్ప్రింగులు తీసేసి, జాకీతో ఒక వైపు పూర్తిగా పైకి, రెండో వైపు పూర్తిగా కిందికి పెట్టి, స్టీరింగ్ రెండు కొసల దాకా తిప్పుతూ కొలవండి. షాకప్ పూర్తిగా ముడుచుకోకముందే బంప్ స్టాపర్ తగలాలి. పూర్తిగా సాగకముందే కమాన్ గానీ, పట్టా గానీ ఆపాలి. ఇదే సమయంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ స్ప్లైన్ ఊడిరావడం లేదని, పూర్తి పైకి ఉన్నప్పుడు కనీసం ఒక అంగుళం లోపలికి పోయే జాగా ఉందని చూసుకోండి.

## వెల్డింగ్, బిగింపు

స్ప్రింగ్ సీట్లు ఎప్పుడు పూర్తిగా వెల్డింగ్ చేయాలి?

బండి పూర్తి బరువుతో తన చక్రాల మీద నిలబడ్డాక. ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ, ట్యాంకు అన్నీ ఉండాలి. అప్పటిదాకా చిన్న టాక్‌లే (తాత్కాలిక చుక్క వెల్డింగ్‌లే). ఖాళీ చాసిస్ మీద కొలిచి వెల్డింగ్ చేస్తే, బరువు పడ్డాక కమాన్ దిగి కోణాలన్నీ మారిపోతాయి. టాక్‌ల మీద నిలబెట్టి పినియన్, క్యాస్టర్, రెండు వైపులా వీల్‌బేస్ కొలిచి, ఒకసారి నిద్రపోయి, మర్నాడు మళ్లీ కొలవండి. టాక్‌ల మీద బండిని నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వెల్డింగ్ వేడికి యాక్సిల్ గొట్టం వంగిపోతుందా?

వంగుతుంది. వెల్డింగ్ చల్లారేటప్పుడు ఆ వైపుకు లాగుతుంది. పొడవాటి గీత ఒక్కసారిగా వేయకుండా, అంగుళం చొప్పున ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఒకసారి ఆ చివర వేసుకుంటూ పోండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతది. సీళ్లు, బేరింగులు ముందే తీసేయండి. పైన ట్రస్ (గొట్టానికి బలమిచ్చే చట్రం) అతికేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పని అయ్యాక బేరింగ్ చోట్లలో గుండ్రటి దిమ్మెలు పెట్టి నిటారు కడ్డీ దూర్చి చూస్తే వంకర తెలిసిపోతుంది.

మధ్య గుండు పోత ఇనుముదైతే, గొట్టాన్ని దానికి అతకడం మామూలు వెల్డింగ్ కాదు. ముందు వేడి చేసి, తగిన రాడ్‌తో వేసి, మెల్లగా చల్లార్చాలి. అలవాటున్నవాళ్లకే ఇవ్వండి.

పాత చాసిస్ కొత్త బ్రాకెట్లను మోస్తుందా?

తుప్పు లేకపోతే మోస్తుంది. సుత్తితో తట్టుతూ పోండి. మొద్దు శబ్దం వచ్చిన చోట రేకు పల్చబడి ఉంటుంది. స్టీరింగ్ బాక్స్ చుట్టూ, షాకిల్ హ్యాంగర్ల దగ్గర, రివెట్ల పక్కన పగుళ్లు వెతకండి. లింకు బ్రాకెట్‌ని చాసిస్ గోడకు నేరుగా అతకకుండా, మధ్యలో చివర్లు కోసుగా ఉన్న ప్లేటు పెట్టి బలాన్ని పరచండి. సీ ఆకారపు చాసిస్ అయితే ఆ భాగాన్ని పెట్టెలా మూసేయండి.

పాత యూ బోల్టులే మళ్లీ వాడొచ్చా?

వద్దు. ఒకసారి బిగించినప్పుడే సాగి ఉంటాయి. కొత్తవి వేసి, మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 దగ్గర మరోసారి బిగించండి.

రబ్బరు బుష్‌లు కొద్ది రోజులకే చిరిగిపోతున్నాయి. ఎందుకు?

బండి జాకీల మీద ఉండగా బోల్టులు బిగించి ఉంటారు. రబ్బరు ఆ స్థితిలోనే అతుక్కుని, బండి కిందికి దిగగానే మెలిపడి ఉండిపోతుంది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు.

## స్టీరింగ్, బ్రేకులు

గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ తనంతట తానే తిరుగుతోంది. ఎందుకు?

డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) చివర ఒక వృత్తంలో, యాక్సిల్ ఇంకో వృత్తంలో కదులుతున్నాయి. ఆ తేడా చక్రాన్ని తిప్పుతుంది. ప్యాన్‌హార్డ్ రాడ్ ఉన్న బండిలో, అడ్డంగా పోయే డ్రాగ్ లింక్ ఆ రాడ్‌కి సమాంతరంగా, దాదాపు అంతే పొడవులో ఉంటే రెండూ కలిసి కదులుతాయి, తేడా పోతుంది. కమాన్ బండిలో డ్రాగ్ లింక్ వీలైనంత చదునుగా ఉండాలి. బండి లేపాక అది ఏటవాలుగా మారి ఉంటుంది.

స్టీరింగ్ బాక్స్ కింద పొడుగు పిట్‌మ్యాన్ ఆర్మ్ (బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ని కదిపే చెయ్యి) వేసి చదును చేయడం చాలామంది ఎంచుకునే దారి. నాకది నచ్చదు. బాక్స్ షాఫ్ట్ మీద, బ్రాకెట్ మీద బలం పెరుగుతుంది. నకిల్ పైభాగానికి ఆర్మ్‌లు బిగించి లింకులనే పైకి తేవడం మేలు. టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ) కూడా రాళ్ల నుంచి తప్పుకుంటుంది.

కొత్త యాక్సిల్‌కి డిస్క్ బ్రేకులున్నాయి. పెడల్ ఎందుకు కిందికి పోతోంది?

గాలి ఉంటే తీయండి. అయినా పోతుంటే మాస్టర్ సిలిండర్ చిన్నది. డ్రమ్ముల కోసం చేసిన పాత సిలిండర్, క్యాలిపర్ పిస్టన్‌లకు కావాల్సినంత ఆయిల్ తోయలేదు. మార్చేటప్పుడు ముందుకీ వెనకకీ విడి గదులున్న సిలిండర్ వేయండి. చాలా పాత బండ్లలో అన్ని చక్రాలకూ ఒకటే లైను, ఒక గొట్టం పగిలితే బ్రేకే లేదు. పాత డ్రమ్ సిలిండర్‌లో ఉండే 10 పీఎస్ఐ వాల్వు (లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచేది) డిస్క్ లైనులో మిగిలిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. డిస్క్‌కి 2 పీఎస్ఐది వాడతారు.

రబ్బరు గొట్టాలు యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు, స్టీరింగ్ రెండు కొసల్లోనూ లాగకుండా ఉండాలి.

## రోడ్డెక్కాక

కొత్త క్రౌన్, పినియన్ వేశాక ఎలా నడపాలి?

మొదటి రోజు 20-30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండుమూడుసార్లు. మొదటి 800 కిలోమీటర్ల వరకు బరువు లాగొద్దు. అక్కడ ఆయిల్ మార్చండి. పాత ఆయిల్‌లో బూడిదరంగు మెరుపు సహజం, ముక్కలు కనిపిస్తే విప్పాల్సిందే.

60 దాటగానే కింద నుంచి వణుకు వస్తోంది. ఎక్కడ వెతకాలి?

న్యూట్రల్ చేసి చూడండి. వణుకు అలాగే ఉండి వేగంతో పాటు తగ్గితే ఇంజన్‌ది కాదు. తర్వాత ముందు షాఫ్ట్ ఊడదీసి నడపండి. పోతే ముందువైపే తప్పు. ఉంటే వెనక షాఫ్ట్. తొక్కినప్పుడు మాత్రమే వస్తే పినియన్ అతిగా పైకి లేస్తోంది. కాలు తీసినప్పుడే వస్తే కిందికి ఎక్కువ ఉంది. ఎప్పుడూ ఒకేలా ఉంటే షాఫ్ట్ బ్యాలెన్స్, టైరు బ్యాలెన్స్ చూడండి.

చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ భయంకరంగా ఊగుతున్నాయి. స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. డ్యాంపర్ రోగాన్ని దాస్తుంది. అసలు అరిగినది అలాగే అరుగుతూ ఉంటుంది. ఇంజన్ ఆడుతుండగా ఒకరిని స్టీరింగ్ అటూఇటూ తిప్పమని చెప్పి, మీరు కింద పడుకుని ఒక్కో కీలు చూడండి. ప్యాన్‌హార్డ్ రాడ్ బుష్, దాని బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిందేమో, టై రాడ్ కొసలు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. వీల్ బేరింగ్ వదులు, కింగ్‌పిన్ వదులు తెలిసిపోతాయి. మూసిన నకిల్ ఉన్న పాత యాక్సిళ్లలో కింగ్‌పిన్ బేరింగ్ బిగింపు పల్చటి షిమ్‌లతో సరిచేస్తారు. నకిల్ తిరగడానికి కొంచెం బిగువుగా ఉండాలి, చేత్తో ఊపితే ఊగకూడదు. ఇవన్నీ గట్టిగా ఉండి, టైర్లు బ్యాలెన్స్ అయ్యి, క్యాస్టర్ సరిగ్గా ఉన్నాక డ్యాంపర్ వేసుకోవాలనిపిస్తే వేసుకోండి.